పదకొండో తరగతిలో గ్రాఫిక్ డిజైన్: తెలుగు అక్షరంతో మొదలుపెట్టవలసిన చదువు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లోనూ ఎంపీసీయా, బైపీసీయా అన్న చర్చ మొదలవుతుంది. కొన్ని ఇళ్ళలో ఎంఈసీ, సీఈసీ పేర్లు కూడా వినిపిస్తాయి. బొమ్మలు చక్కగా వేసే అమ్మాయికి గానీ, బడి గోడపత్రికకు శీర్షికలు అందంగా రాసే అబ్బాయికి గానీ ఆ చర్చలో చోటు ఉండదు. వాళ్ళ చేతిలో ఉన్న పనితనాన్ని సెలవుల్లో చేసుకునే సరదా కింద జమకట్టి, పుస్తకాల సంచి మార్చేసి, కోచింగుకు పంపిస్తాం. అదే వయసులో, అదే ప్లస్ టూ చదువులో భాగంగా, గ్రాఫిక్ డిజైన్‌ను, అంటే అక్షరాలనూ బొమ్మలనూ కూర్చి సమాచారాన్ని తేటగా చెప్పే పనిని, ఒక పాఠ్యాంశంగా చదువుకునే వీలు మన దేశంలో ఉందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నేను సీబీఎస్ఈ బడిలో ఆ చదువుకే చెందిన కమర్షియల్ ఆర్ట్‌ను ఐచ్ఛికాంశంగా తీసుకుని చదివాను. ఇప్పుడు పుస్తకాలకు, స్వచ్ఛంద సంస్థల ప్రచురణలకు పేజీలు కూర్చే పనిలో ఉన్నాను. ఆ రెండేళ్ళ చదువే నా వృత్తికి పునాది అని నమ్ముతాను. ఆ చదువులో తెలుగు పిల్లలకు తప్పకుండా అందవలసిన భాగం ఒకటి అందడం లేదని కూడా అంతే గట్టిగా నమ్ముతాను. ఆ భాగం మన అక్షరం.

ముందుగా ఆ పాఠ్యాంశం స్వరూపం చెప్పాలి. సీబీఎస్ఈలో కమర్షియల్ ఆర్ట్‌కు 100 మార్కులలో 30 థియరీకి, 70 ప్రాక్టికల్‌కు కేటాయిస్తారు. పదకొండో తరగతిలో ఎదురుగా పెట్టిన వస్తువులను చూసి గీయడం, అక్షరాలు రాయడం, లేఅవుట్ (పేజీ మీద రాతనూ బొమ్మనూ అమర్చే తీరు) కూర్చడం ఉంటాయి. పన్నెండో తరగతిలో ఇలస్ట్రేషన్, పోస్టరు ఉంటాయి. ఏడాది పొడవునా చేసిన పనులన్నిటినీ పోర్ట్‌ఫోలియోగా సమర్పించాలి. థియరీ అంతా భారతీయ కళాచరిత్ర: సింధు నాగరికత ముద్రికలు, అజంతా వంటివి ఒక ఏడాది, రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కనీ సూక్ష్మచిత్రాల నుంచి బెంగాల్ శైలి, ఆధునిక చిత్రకళ దాకా మరొక ఏడాది. ఇది కాక 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తరువాత ఎన్‌సీఈఆర్‌టీ గ్రాఫిక్ డిజైన్ కోసమే పదకొండు, పన్నెండు తరగతులకు విడివిడిగా పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. అవి ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఏ బోర్డులో చదివే పిల్లలైనా తెచ్చుకుని చదువుకోవచ్చు.

కళాచరిత్రకూ పోస్టరుకూ ఏమిటి సంబంధమని పిల్లలు అడుగుతూ ఉంటారు. సూక్ష్మచిత్రం అరచేతిలో పట్టేంత కాగితం మీద ఒక కథంతా చెప్పాలి. ఎవరు ముఖ్యులో ముందు కనిపించాలి, చూపు ఎటు నుంచి ఎటు నడవాలో రేఖలు చెప్పాలి, చుట్టూ ఉన్న అంచు బొమ్మను పట్టి ఉంచాలి, రాతకు విడిచిన చోటు బొమ్మతో తగవు పడకూడదు. పోస్టరు వేసేవాడి సమస్యలన్నీ ఇవే. గోల్కొండ శైలిలోని చాంద్ బీబీ పోలో ఆడుతున్న చిత్రాన్ని పరీక్షలో రాయవలసిన ప్రశ్నగా చూసే బదులు, దాని మీద పల్చని కాగితం పరిచి గుర్రాల మెడలు, చేతుల వంపులు, నేల గీత మాత్రమే గీసి చూస్తే, ఆ చిత్రకారుడు కదలికను ఎలా పుట్టించాడో అరగంటలో అర్థమవుతుంది.

డిజైన్ చదువు మొదట నేర్పేది చూడటం. అందుకు ఖరీదైన ఉదాహరణలు అక్కరలేదు. మనం కొనే ఆహారపు ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటుంది. మాంసాహారానికి గతంలో అదే ఆకారం గోధుమరంగులో ఉండేది. ఎరుపు, ఆకుపచ్చ ఛాయలను వేరుచేసి చూడలేని వర్ణాంధత ఉన్నవారికి ఆ రెండు గుర్తుల మధ్య తేడా తెలియడం కష్టం. తరువాతి నిబంధనల్లో మాంసాహారపు గుర్తులోని చుక్కను త్రిభుజంగా మార్చారు. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం చూసి గుర్తుపట్టవచ్చు. సమాచారాన్ని ఒక్క రంగు మీదే మోపకూడదన్న సూత్రాన్ని ఇంతకంటే తేటగా చెప్పే పాఠం నాకు కనిపించలేదు.

జాతీయ జెండా కూడా అటువంటిదే. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన సంగతి తెలుగువారందరికీ తెలుసు. 1931 నాటికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీల నడుమ చరఖా ఉన్న రూపం స్థిరపడింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించినప్పుడు చరఖా స్థానంలోకి 24 ఆకుల అశోక చక్రం వచ్చింది. ఆ రోజు నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి అచ్చంగా డిజైన్‌కు సంబంధించినది. జెండా రెండు వైపుల నుంచీ ఒకేలా కనిపించాలి. చరఖాకు ఒక కొసన చక్రం, మరొక కొసన కదురు ఉంటాయి కనుక వెనుక నుంచి చూస్తే బొమ్మ తారుమారవుతుంది. చక్రానికి ఆ ఇబ్బంది లేదు. గాలికి ఎగిరే గుడ్డ మీద బొమ్మ వేస్తున్నామన్న స్పృహ నుంచి పుట్టిన నిర్ణయం అది. ఏ గుర్తు గీసినా అది దేని మీద అచ్చవుతుంది, ఎంత దూరం నుంచి చూస్తారు, తిరగేస్తే ఏమవుతుంది అని ముందే ఆలోచించాలని పిల్లలకు చెప్పడానికి నేను ఈ కథనే ఎంచుకుంటాను.

ఇక 1951–52 నాటి మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్లలో అత్యధికులకు చదవడం రాదు. అందుకని ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించి, ఓటరు తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసే పద్ధతి పెట్టారు. చదవడం రానివారికి కూడా చేయి చాచినంత దూరం నుంచి తెలిసిపోయే బొమ్మ, మరొక బొమ్మతో పొరబడని బొమ్మ, నలుపు తెలుపుల్లో చవక అచ్చులో కూడా చెడని బొమ్మ కావలసి వచ్చింది. ఇప్పటికీ మనం బ్యాలెట్ మీద చూసే సైకిలు, ఫ్యాను వంటి రేఖాచిత్రాలను తరగతిలో పిల్లలకు ఇచ్చి, ఎన్ని గీతలు తీసేసినా అది సైకిలుగానే కనిపిస్తుందో ప్రయత్నించమంటే, గుర్తు గీయడంలోని కష్టమంతా చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు అక్షరం దగ్గరకు వస్తాను. నేను ఈ టపా రాయడానికి అసలు కారణం ఇదే.

అక్షరలేఖనం పాఠంలో బోర్డు మీద కనిపించేది రోమన్ లిపి. సెరిఫ్ (గీతల కొసల్లో ఉండే చిన్న అంచు) ఉన్న అక్షరాలు, లేని అక్షరాలు, పెద్ద బడి (క్యాపిటల్ అక్షరాలు), చిన్న బడి (స్మాల్ అక్షరాలు), అక్షరాల మధ్య ఎడం సర్దడం, అన్నీ ఏ, బీ, సీల మీదే నేర్పుతారు. అవి తెలియవలసినవే, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ హైదరాబాదులోనో, రాజమండ్రిలోనో, ఖమ్మంలోనో చదివే పిల్లలు రేపు తయారుచేయబోయే కరపత్రాలు, పుస్తకాల అట్టలు, దుకాణాల బోర్డులు, ఫోన్ తెరలు సగానికి పైగా తెలుగులో ఉంటాయి. రోమన్ లిపికి నేర్చుకున్న నియమాలను తెలుగుకు అలాగే పెడితే పేజీ నిలబడదు. ఎందుకు నిలబడదో వరుసగా చూద్దాం.

తెలుగు పంక్తికి మూడు అంతస్తులు ఉంటాయి. నడిమి అంతస్తులో అక్షరం, పై అంతస్తులో తలకట్టు, గుడి, ఏత్వం వంటివి, కింది అంతస్తులో ఒత్తులు. ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ‘రాష్ట్రం’ అన్న చిన్న మాటలోనే ‘ష’ కింద ‘ట’ ఒత్తు, దానితోపాటు ‘ర’ ఒత్తు వచ్చి చేరతాయి. పై పంక్తిలోని ఒత్తూ కింది పంక్తిలోని గుడీ ఢీకొనకుండా ఉండాలంటే పంక్తుల మధ్య ఇంగ్లీషుకు విడిచేదాని కంటే ఎక్కువ చోటు విడవాలి. ఇంగ్లీషు పాఠానికి అక్షర పరిమాణంలో 120 శాతం పంక్తి ఎత్తు సాధారణంగా సరిపోతుంది. తెలుగు పుస్తకం కూర్చేటప్పుడు నేను 150 శాతం దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి అటూ ఇటూ సర్దుతాను. ద్విభాషా పోస్టరులో రెండు భాషలకూ ఒకే సంఖ్య పెడితే తెలుగు భాగం ఊపిరాడనట్టు కనిపించడానికి కారణం ఇదే.

రెండోది, తెలుగు అక్షరాల మధ్య తేడాలు చాలా చిన్న చోట్ల ఉంటాయి. ‘ప’లో తలకట్టు ఒంటిని అంటకుండా విడిగా ఉంటుంది, అది అంటుకుంటే ‘వ’. ‘ద’ కింద చిన్న గీత చేరితే ‘ధ’, ఆ కడుపులో చుక్క కూడా చేరితే ‘థ’. అక్షరాన్ని మరీ లావు చేసినా, మరీ చిన్నది చేసినా మొదట పూడిపోయేవి ఈ సందులే. రోమన్ అక్షరాన్ని లావు చేసినంత సులువుగా తెలుగు అక్షరాన్ని లావు చేయలేకపోవడానికి కారణం ఇక్కడ ఉంది: లోపలి ఖాళీలు అర్థాన్ని మోస్తున్నాయి. నాసిరకం కాగితం మీద సిరా పాకినప్పుడు ఏ అక్షరం ఏ అక్షరంగా మారిపోతుందో పిల్లలు ఒక పాత వారపత్రిక పేజీని భూతద్దంతో చూసి రాసుకుంటే, అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పాఠం అవుతుంది.

మూడోది, మనకు పెద్ద బడి లేదు. ఇంగ్లీషు పోస్టరులో శీర్షికను పెద్ద బడిలో పెట్టి పని గడుపుకోవచ్చు. వాలు అక్షరాలతో ఒక మాటను ఎత్తి చూపవచ్చు. తెలుగులో మొదటి సదుపాయం లేదు, రెండోదానికి సంప్రదాయం లేదు. కంప్యూటరులో వాలు మీట నొక్కితే అక్షరం పక్కకు ఒరుగుతుంది తప్ప దానికి వేరే రూపం రాదు, అది కంటికి ఇంపుగానూ ఉండదు. ఏది ముందు చదవాలి, ఏది తరువాత చదవాలి అన్న క్రమాన్ని పరిమాణంతో, లావు సన్నాలతో, రంగుతో, అన్నిటికంటే ముఖ్యంగా చుట్టూ విడిచిన ఖాళీతో చూపించవలసి వస్తుంది. అందువల్ల తెలుగులో లేఅవుట్ నేర్చుకున్న విద్యార్థికి ఖాళీ విలువ తొందరగా తెలుస్తుందని నా అనుభవం.

నాలుగోది, మాటల పొడవు. ‘చదువుకోవాలనుకుంటున్నవారందరికీ’ అన్నది మనకు ఒకే మాట. దాన్ని వార్తాపత్రిక కాలమ్‌లో రెండు అంచులూ సమానంగా వచ్చేలా కూరిస్తే పక్క పంక్తిలో మాటల మధ్య పెద్ద పెద్ద తెల్లని సందులు తెరుచుకుంటాయి. ఎడమ అంచు మాత్రమే సమంగా పెట్టి కుడి అంచును వదిలేయడం, కాలమ్‌ను కాస్త వెడల్పు చేయడం, రచయితతో మాట్లాడి మాట మార్చడం, ఇవన్నీ పరిష్కారాలే. ఇందులో మూడోది చాలామంది డిజైనర్లకు తోచదు. వాక్యాన్ని కూడా డిజైన్‌లో భాగంగా చూడటం భాష తెలిసినవారికే వీలవుతుంది కాబట్టి, తెలుగులో చదివి తెలుగులో రాయగలిగిన పిల్లలకు ఈ వృత్తిలో అది ఒక బలం.

ఈ సంగతులు నాకు మొదట తెలియజేసింది పుస్తకం కాదు, వీధి. మా ఆర్ట్ టీచరు గారు పదకొండో తరగతిలో మమ్మల్ని బడి చుట్టుపక్కల బోర్డులు చూసి రమ్మని, నచ్చిన ఒక మాటను ఉన్నదున్నట్టు చతురస్రాల కాగితం మీద ఎక్కించమనేవారు. అప్పటికే ఫ్లెక్సీలు వచ్చి చేతిరాత బోర్డులు తగ్గుతున్నాయి. అయినా కిరాణా కొట్ల షట్టర్ల మీద, లారీల వెనుక, ప్రహరీ గోడల మీద పెయింటర్ల పని మిగిలే ఉంది. వాళ్ళు దారానికి సుద్ద పూసి గోడ మీద గీత కొట్టేవారు. ఒత్తుల కోసం కింద ఎంత విడవాలో ముందే లెక్కపెట్టుకునేవారు. చదునైన బ్రష్షును అక్షరం వంపులో తిప్పుతూ లావు సన్నాలను ఒకే విసురులో తెచ్చేవారు. తాటాకు మీద గంటంతో రాసిన రాతలో లావు సన్నాల తేడా దాదాపు ఉండదు. బ్రష్షు ఆ తేడాను తెలుగు అక్షరానికి ఇచ్చింది. అక్షరం రూపం దాన్ని రాసిన పనిముట్టు నుంచి వస్తుందన్న సూత్రాన్ని పాఠంగా వినడం వేరు, ఎనామెల్ రంగు డబ్బా పక్కన నిలబడి చూడటం వేరు. ఈనాటికీ ప్రతి పట్టణంలో ఒకరిద్దరు పాత పెయింటర్లు ఉన్నారు. బడులు వారిని గౌరవంగా పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, ఒక పూట పిల్లల ముందు బోర్డు రాయించాలని నా కోరిక.

మన ముద్రణ చరిత్రలో కూడా తరగతికి పనికివచ్చే సంపద ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామ ఆ తరువాత అనేక భారతీయ భాషల్లో అవే బొమ్మలతో వచ్చింది. భాష మారితే వాక్యాల పొడవు మారుతుంది, లిపి మారితే పంక్తుల ఎత్తు మారుతుంది, బొమ్మ మాత్రం మారదు. రెండు భాషల ప్రతులను పక్కపక్కన పెట్టి ఒకే కథ పేజీని పోల్చి చూడటం ఒక గొప్ప లేఅవుట్ అభ్యాసం. వడ్డాది పాపయ్య (1921–1992) అట్టల మీద బొమ్మలో రంగులు ఎన్ని ఉన్నా చూపు ముందు ఎక్కడ ఆగుతుందో గమనించవచ్చు. బాపు (1933–2014) గీతనూ రాతనూ వేరుచేయలేము. ఆయన బొమ్మ పక్కన అచ్చు అక్షరం పెడితే అతకదు, ఆయన రాతే కావాలి. ఆ దస్తూరి తరువాతి కాలంలో ఫాంటుగా కూడా వచ్చి పెళ్ళిపత్రికల దాకా చేరింది. ఒక మనిషి చేతిరాత ఒక భాష మాట్లాడేవారందరికీ పరిచయమైపోవడం చిన్న విషయం కాదు. బాపు అక్షరాలను అనుకరించమని నేను పిల్లలకు చెప్పను; ఆయన ‘శ్రీ’ని, ‘క్ష’ను ఎలా సర్దుకున్నారో గీసి చూడమని చెబుతాను.

కంప్యూటరు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న. పదకొండో తరగతి మొదటి సగం కాగితం మీదే గడవాలని నా అభిప్రాయం. ఆ తరువాత ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, గింప్, క్రిటా, స్క్రైబస్ చాలు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేదని ఏ పిల్లా వెనుకబడిపోదు. అయితే తెలుగు విషయంలో ఒక సాంకేతిక సంగతి మొదటి రోజే నేర్పాలి. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే ఉమ్మడి సంకేతాల పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు 0C00 నుంచి 0C7F వరకు 128 స్థానాలు ఉన్నాయి. ‘స్త్రీ’ అన్న అక్షరానికి అక్కడ విడిగా స్థానం లేదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు సంకేతాలుగా అది నిల్వ ఉంటుంది. వాటిని కలిపి మనం గుర్తుపట్టే ఒక్క రూపంగా మార్చే నియమాలు ఫాంటులో ఉంటాయి, ఆ నియమాలను చదివి అమలుచేసే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. ఆ రెండింటిలో ఏది తప్పినా ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అడోబీ సాఫ్ట్‌వేర్‌లలో దక్షిణాసియా లిపులకు సంబంధించిన వరల్డ్-రెడీ కంపోజర్ అమరికను ఎంచుకోకపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది. పొల్లులు తేలిన తెలుగుతో అచ్చయిన బ్యానర్లు మనకు ఎన్నో కనిపిస్తాయి. ఆ పని చేసినవారికి తెలుగు రాక కాదు. ఆ ఒక్క అమరిక గురించి వారికి ఎవరూ చెప్పలేదు.

అచ్చు షాపుల్లో పాత పద్ధతి ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. కాగితం మీద అవి చక్కగానే కనిపిస్తాయి. అదే పాఠాన్ని వెబ్‌సైటులో పెడితే అర్థంలేని రోమన్ అక్షరాలవుతుంది, వెతికితే దొరకదు, చూపులేనివారి కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. ఇప్పుడే ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు యూనికోడ్‌తోనే మొదలుపెట్టాలి. తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లతో మొదలైన దారి ఇప్పుడు బాగా వెడల్పయింది. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, ఎక్ టైప్ వారి అనేక్ తెలుగు, ఇంకా నోటో, టిరో తెలుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే పేరాను ఒకే పరిమాణంలో మండలిలో, నోటో సాన్స్‌లో, టిరోలో అచ్చు తీసి గోడకు అంటిస్తే, పరిమాణం సంఖ్య ఒకటే అయినా అక్షరాలు కంటికి వేరువేరు సైజుల్లో కనిపించడం, ఒక్కొక్కటి ఆక్రమించే చోటు మారడం పిల్లలు తామే కనిపెడతారు. అయినా రోమన్ లిపికి ఉన్న వైవిధ్యంతో పోలిస్తే మనకున్నవి బహు తక్కువ. ముఖ్యంగా చిన్న పరిమాణంలో హాయిగా చదవగలిగే, నాలుగైదు లావుల్లో దొరికే పుస్తకపు ఫాంట్లు ఇంకా రావాలి. వాటిని గీయబోయేవారు ఇప్పుడు పదకొండో తరగతిలోనే ఉండి ఉంటారు.

ఇంటర్ బోర్డులో చదివే పిల్లల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువమంది వారే. సాధారణ గ్రూపుల్లో డిజైన్ లేదు. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. ఐఐటీ బాంబే 2015 నుంచి నిర్వహిస్తున్న యూసీడ్ అనే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్షను ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు. ఐఐటీ హైదరాబాదుతో సహా పలు ఐఐటీలలోని బీ.డిజైన్ సీట్లు దాని ద్వారానే నిండుతాయి. అయితే కొన్ని సంస్థలు అదనంగా కొన్ని సబ్జెక్టులు అడుగుతాయి కనుక ఆ ఏటి ప్రకటన చదువుకోవాలి. ఆ పరీక్షలో ఒక భాగం కంప్యూటరు మీద పరిశీలనను, ఆకారాలను మనసులో తిప్పి చూడగల శక్తిని, తర్కాన్ని పరీక్షిస్తుంది. మరొక భాగంలో కాగితం మీద గీయాలి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో అహ్మదాబాదులో మొదలైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ఐడీ 2015లో వచ్చింది. వాటికి విడిగా డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అనే పరీక్ష, అందులో ప్రిలిమ్స్ దాటినవారికి చేతిపని చూసే మెయిన్స్ ఉంటాయి. హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ)లో అప్లైడ్ ఆర్ట్ ప్రధానంగా బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) చేయవచ్చు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ లలితకళల విభాగాలు ఉన్నాయి. ఇంటర్‌తోపాటు ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు రాసుకుంటే గీత కుదురుతుంది. లెక్కలు వచ్చినవారు లెక్కలు వదలవలసిన పని లేదు. గ్రిడ్ (పేజీని గళ్ళుగా విభజించే గీతలు) వేయడానికి, నిష్పత్తులు చూడటానికి, తరువాత కోడ్ రాసి అక్షరాలను కదిలించడానికి అవి అక్కరకొస్తాయి.

డబ్బు గురించి తల్లిదండ్రులకు ఉండే ఆందోళన న్యాయమైనదే, దాన్ని తేలిక చేసి మాట్లాడను. ఈ రంగంలో మొదటి ఉద్యోగం జీతం సంస్థను బట్టి, ఊరిని బట్టి చాలా మారుతుంది. నేను చెప్పగలిగినది ఇంత: రెండు లిపులనూ బాధ్యతగా కూర్చగలిగినవారి కోసం ప్రచురణ సంస్థలు, యాప్‌లు తయారుచేసే సంస్థలు, ఆరోగ్య, విద్యా రంగాల్లోని సంస్థలు వెతుకుతూనే ఉన్నాయి. తెలుగు వచ్చిన డిజైనరు కావాలని నన్ను అడిగినవారికి చెప్పడానికి నా దగ్గర పేర్లు ఎప్పుడూ తక్కువే పడుతున్నాయి.

చివరగా పోర్ట్‌ఫోలియో. పన్నెండో తరగతి పిల్లలు పంపే పోర్ట్‌ఫోలియోలు చూసే అవకాశం నాకు అప్పుడప్పుడు వస్తుంది. వాటిలో నటీనటుల పెన్సిల్ చిత్రాలు, సూర్యాస్తమయాలు, నీరు ఆదా చేయమని చెప్పే పోస్టర్లు ఎక్కువగా ఉంటాయి. చేతిలో నైపుణ్యం ఉందని అవి చెబుతాయి. ఆలోచన ఎలా నడిచిందో చెప్పవు. కాబట్టి పూర్తయిన షీటుతోపాటు దానికి ముందు గీసి వదిలేసిన చిన్న నమూనాలను కూడా పెట్టమంటాను. ప్రతి పోర్ట్‌ఫోలియోలో కనీసం ఒక పని తెలుగులో, మీ ఊరికి అవసరమైన సమాచారం మీద ఉండాలి. ఉదాహరణకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద పసిపిల్లల టీకాల పట్టిక ఉంటుంది. పుట్టిన వెంటనే ఇచ్చేవి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇచ్చేవి, తొమ్మిది నెలలకు ఇచ్చేవి అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే గళ్ళలో ఇరుక్కుని కనిపిస్తాయి. ఒడిలో బిడ్డతో నిలబడిన తల్లికి కావలసింది ఒక్కటే: నా బిడ్డకు ఇన్ని వారాలు, ఈసారి ఏ టీకా, మళ్ళీ ఎప్పుడు రావాలి. ఆ ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరికేలా పట్టికను తెలుగులో మళ్ళీ కూర్చండి. ఏఎన్ఎం గారికి చూపించి వివరాలన్నీ సరిచూసుకోండి. తరువాత అచ్చు తీసి ఇద్దరు ముగ్గురు తల్లులకు చూపించి, వాళ్ళ వేలు ఏ గడి దగ్గర ఆగిందో, ఏ మాటను రెండోసారి చదివారో రాసుకుని, ఆ కాగితాన్నీ సరిదిద్దిన ప్రతినీ మొదటి ప్రతి వెనుకే జతచేసి పంపండి.